మంగళం కోసం కూర్చున్న ఊరు

పోయిన వేసవిలో ఖమ్మంలోని ఒక కల్యాణమండపంలో సంగీతోత్సవం జరుపుతున్నామనీ, పదవీ విరమణ చేసిన తెలుగు పండితురాలిగా నన్ను పిలిచి శాలువా కప్పదలచామనీ నిర్వాహకులు కబురు పెట్టారు. శాలువాల మీద నాకు మక్కువ ఏనాడూ లేదు. ఇప్పుడు మోకాళ్ళలో సత్తువ కూడా లేదు. అయినా ఇల్లందు నుంచి మా తమ్ముడు శేషు వచ్చి కుసుమంచిలో నా ఇంట ఉన్నాడు గనుక, వాడికి కాస్త కాలక్షేపమవుతుందని వెంటబెట్టుకొని వెళ్ళాను. గనిలో యంత్రాల పక్కన ఉద్యోగమంతా గడిపిన వాడికి చెవులు సగానికి పైగా పోయాయి. సంగీతమంటే వాడికిప్పుడు పెదవుల కదలికా, వేళ్ళ కదలికా మాత్రమే.

గాయని మంచి గొంతు కలదే. అయితే వెనుక వాద్యమంతా యంత్రంలోంచి వస్తోంది. ఆమె దాని వేగానికి తన ఊపిరిని సర్దుకుంటూ పాడింది. జనం వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, పలకరింపులు ముగించుకొని ఒక్కొక్కరే భోజనాల వైపు జారుకున్నారు. చివరి పాట చరణంలో ఉండగానే 'భోజనాలు సిద్ధంగా ఉన్నవి' అని ఎవరో మైకులో ప్రకటించారు. ఆమె ఆ చరణాన్ని అక్కడే వదిలి నవ్వుతూ నమస్కరించింది. పనివాళ్ళు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. శేషు మాత్రం కదలలేదు.

"పదరా శేషూ, కుర్చీలు తీసేస్తున్నారు."

"మంగళం కాలేదుగా అక్కా," అన్నాడు వాడు, చెవిటివాళ్ళు మాట్లాడేటంత గట్టిగా.

కుర్చీలు మోస్తున్న కుర్రవాడు ఆగి, "ఏంది పెద్దాయనా, ఇంకేమన్న ప్రోగ్రామున్నదా?" అని అడిగాడు. లేదు నాయనా అని నేనే చెప్పి, తమ్ముణ్ణి భుజం పట్టి లేపాను. ఆ లేపడంలో నాకు కలిగిన అలసట వయసుదో, మరి దేనిదో చెప్పలేను. కుసుమంచి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఇల్లందులో ఊరు ఊరంతా మంగళం కోసం కదలకుండా కూర్చున్న మధ్యాహ్నం నా కళ్ళముందుకు వచ్చింది.

మా నాన్నగారు కృష్ణాతీరం నుంచి ఉద్యోగార్థం ఇల్లందు చేరిన వారు. పగలు గనుల దగ్గర టైమాఫీసులో గుమాస్తా. ఎవరు వేళకు వచ్చారో, ఎవరికి నాగా పడిందో రాయడం ఆయన వృత్తి. తెల్లవారుజామున మాత్రం ఆయన గాయకుడు. మా రేకుల పంచలో అమ్మ బొగ్గుల కుంపటి రాజేసేది. పచ్చిబొగ్గు తొలిపొగలో ముక్కుపుటాలను గీరే గంధకపు ఘాటు ఉంటుంది; చైత్రం వచ్చిందంటే ఆ ఘాటులోకి అడవి మీదుగా వచ్చే ఇప్పపూల మత్తు వాసన కలిసేది. నా బాల్యానికంతటికీ అదే సుగంధం. రాత్రికి రాత్రి వస్తువులన్నిటి మీదా పేరుకునే నల్లని ధూళిని నేను తడిగుడ్డతో తుడవాలి: మొదట దేవుడి పీట, తరువాత శ్రుతిపెట్టె, ఆ తరువాతనే నా ప్రబంధాలూ వ్యాకరణ గ్రంథాలూ. ఓరియంటల్ కళాశాల నుంచి సెలవులకు వచ్చినా ఆ వరుస మారేది కాదు. శేషు ఒక మూల కూర్చొని, మృదంగం ఎడమవైపు తోలుకు గోధుమరవ్వ ముద్ద అద్దుతూ ఆవులించేవాడు.

నాన్నగారు యౌవనంలో మృదంగం కూడా వాయించిన వారు. కీళ్ళు బిగుసుకొని వేళ్ళు మాట వినడం మానేశాక, ఆ వాద్యాన్ని తమ్ముడి ఒడిలో పెట్టి, తాను పాడుతూ తొడ మీద తాళం వేస్తూ వాడికి నేర్పారు. వాడు ఎదిగిన కొద్దీ ఇద్దరికీ ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిపోయింది. నాన్నగారు ఎక్కడ ఆగుతారో వాడి చేయి ముందే ఆగేది. వాడు జ్వరంతో పడుకున్న రోజున ఆయన శ్రుతిపెట్టె ముందు కూర్చొని కూడా గొంతు విప్పకుండానే లేచిపోయేవారు.

ఆయనకు అనుల్లంఘనీయమైన నియమం ఒకటుండేది. పాట మొదలుపెడితే మంగళం పాడకుండా ముగించరాదు. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, వాన కురిసి పంచ తడిసినా సరే. స్నానం చేస్తూ కూనిరాగం తీసినా చివర రెండు ముక్కలు మంగళం పాడి గాని తువ్వాలు అందుకునేవారు కాదు. "పంతులుగారి చెంబు ఖాళీ అయ్యింది, మంగళం వినపడ్డది," అని పక్కింటివాళ్ళు నవ్వుకునేవారు. ఆ నియమాన్ని ఆయన ఊరికీ నేర్పారు. ఊళ్ళో వేసవి సంగీతసభ మొదలుపెట్టిన కొత్తలో జనం మధ్యలో లేచి పోతుంటే, పంక్తిలో పదిమందీ తింటుండగా విస్తరి మడిచి లేవడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే అని చేతులు జోడించి చెప్పారట. ఇల్లందు జనం ఆ మాటను తలకెక్కించుకున్నారు. రాగం పేరు తెలియని గనికార్మికుడు కూడా మంగళం వినిపించేదాకా చెప్పుల కోసం వెతికేవాడు కాదు.

ఆ సభ ఏటా భద్రాచలంలో సీతారాముల కల్యాణం కాగానే మొదలయ్యేది. కల్యాణానికి వచ్చిన విద్వాంసులు తిరుగు ప్రయాణంలో ఉంటారు గనుక, వారిని బతిమాలి ఒక్కొక్కరిని ఒక్కొక్క పూట ఇల్లందులో ఆపేవారు. క్లబ్బు మైదానంలో తాటాకు పందిరి, చుట్టూ నీళ్ళు చల్లిన గోనెపట్టాల తెరలు, వట్టివేళ్ళు వేసిన మంచినీళ్ళ కుండలు. చివరినాటి సభ మాత్రం మధ్యాహ్నం జరిగేది. సాయంత్రం కారేపల్లి రైలుబండికి గాయకులు వెళ్ళిపోవాలి. క్లబ్బు అధ్యక్షుడు సాంబయ్యగారు, కార్యదర్శి నాన్నగారు.

నేను చదువు చివరి ఏడాదిలో ఉండగా శేషుకు కొత్త స్నేహం కుదిరింది. ఇల్లందు స్టేషనులో గార్డుగా పనిచేసే ఆయన కొడుకులు విక్టర్, బెన్నీ అనే అన్నదమ్ములు సికింద్రాబాదు నుంచి విద్యుత్ గిటార్లు తెచ్చుకున్నారు. పాత గూడ్స్ షెడ్డులో వాళ్ళు రాక్ సంగీతం సాధన చేసేవారు. ఇంగ్లీషు పాటలు కొన్ని, విక్టర్ సొంతంగా కట్టినవి కొన్ని. శేషు వాళ్ళకు డ్రమ్ములు వాయించసాగాడు. ఆ సంగతి నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం మృదంగం మీద వాడి చేయి చూసి, బొటనవేలి మొదట్లో కాయ కాచి ఉండడం గమనించి, తాళం ఆపేశారు.

"ఇది కర్ర పట్టిన చేయి. ఎక్కడ వాయిస్తున్నావు?"

శేషు దాచలేదు. బృందం పేరు 'నైట్ షిఫ్ట్' అని కూడా చెప్పాడు.

"పేరులో కూడా పగలు లేదా మీకు?" అన్నారు నాన్నగారు. ఆ రోజుకు అంతే. అమ్మ వాడికి అన్నంలో పెరుగు కాస్త ఎక్కువే వేసింది.

ఆ వేసవిలో చివరి సభకు రావలసిన గాయకుడికి భద్రాచలంలోనే వడదెబ్బ తగిలింది. తెల్లవారితే సభ అనగా కబురు వచ్చింది. సాంబయ్యగారు గొడుగు మడుచుకుంటూ మా పంచలోకి వచ్చారు.

"పందిరి ఖాళీగ పెడితే ఊరు నవ్వదా పంతులుగారూ? గార్డుగారి పోరగాండ్లున్నరు గదా. మనోడు సుత వాయిస్తడట. రేపటి పూట ఆళ్ళతోటి నడిపిద్దాం."

"అది సంగీతసభ, సాంబయ్యగారూ."

"అవ్, ఆళ్ళది సంగీతం గాదా మరి? ఏందో ఒకటి వాయిస్తరు. జనం కూసోని వింటరు. మీరే గద కూసునుడు నేర్పిన్రు."

నాన్నగారు, "అధ్యక్షులు మీరు. మీ ఇష్టం. కార్యదర్శిని గనుక ముందు వరుసలో కూర్చుంటాను. అంతకు మించి నన్నేమీ అడగవద్దు," అన్నారు. సాంబయ్యగారు వెళ్ళాక తలుపు దగ్గర నిలబడ్డ శేషు వైపు చూడకుండానే అన్నారు: "వెళ్ళు, వాయించు. నేను ఆపను. కాని మంగళం లేని చోట వాయించిన చేత్తో తిరిగొచ్చి నా మృదంగం ముట్టుకోకు."

మా నాన్నగారు అన్నమాట తిరిగి తీసుకోవడం నేను చూడలేదు. ఆ రాత్రి అమ్మా నేనూ పేరుకే భోజనం చేశాం. శేషు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మాట తప్పి మిత్రులను నట్టేట వదలడం వాడికి చేతకాదు. మృదంగం లేని తెల్లవారుజామును ఊహించుకోవడమూ చేతకాదు.

మరునాడు భోజనాల వేళ దాటగానే పందిరి నిండింది. మధ్యాహ్నపు షిఫ్టుకు పోవలసినవాళ్ళు ఖాకీ చొక్కాలతో, టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకొని వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు నా పక్కన పాలుపోసే వెంకటమ్మ ఉంది. వేదిక మీద ఎప్పుడూ పరిచే తెల్లదుప్పటికి బదులు నల్లటి పెట్టెలూ, తీగలూ ఉన్నాయి. విక్టర్ మైకు ముందు నిలబడి తీగను ఒక్కసారి మీటేసరికి పందిరి ఆకుల్లో ఉన్న పిచ్చుకలన్నీ లేచిపోయాయి. కుండల్లో నీళ్ళు వణికాయి. చంటిపిల్లలు ఏడవడానికి నోరు తెరిచి, ఆ ధ్వనిలో తమ ఏడుపు తమకే వినబడక విస్తుపోయి ఊరుకున్నారు.

"ఏంది బిడ్డా, ఆ పిలగానికేమన్న అయ్యిందా? గట్ల ఊగుతుండేంది?" అని వెంకటమ్మ నా చెవిలో అరిచింది.

"ఏం కాలేదవ్వా. పాడుతున్నాడు."

"పాడితే గంత నొప్పెందుకు మరి?"

ఆ సంగీతం నాకు నచ్చిందని ఇప్పుడు చెబితే అది అబద్ధమే అవుతుంది. ఛందస్సులో యతిస్థానాలు వెతికే అలవాటున్న బుద్ధికి అది వడగాలిలో దుమ్ములాగా దిక్కు తెలియకుండా తగిలింది. కాని శేషు ముఖం చూశాను. మా పంచలో మృదంగం ముందు వాడు ఎప్పుడూ నాన్నగారి గొంతును కనిపెట్టుకొని ఉండేవాడు. అక్కడ మిగిలిన ముగ్గురూ వాణ్ణి కనిపెట్టుకొని ఉన్నారు. మూడోవాడు హార్మోనియం వంటి ఒక విద్యుత్ పెట్టె వాయించే టైపిస్టు కుర్రవాడు. వాడు కూడా ప్రతి పాటలోనూ శేషు తల ఊపేదాకా వేళ్ళు ఎత్తేవాడు కాదు. ముందు వరుసలో నాన్నగారు అంగవస్త్రం భుజాన సర్దుకొని, కళ్ళు మూసుకొని, రాతివిగ్రహంలా కూర్చున్నారు. చేయి తొడ మీద బోర్లించి ఉంది, కదలలేదు.

వాళ్ళకు వచ్చిన పాటలు ఏడో ఎనిమిదో. అవి అయిపోయాయి. విక్టర్ చెమట తుడుచుకొని, "థ్యాంక్యూ!" అని చేయెత్తి అరిచాడు. జనం నిండుగా చప్పట్లు కొట్టారు. ఆ తరువాత చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు.

ఎవరూ లేవలేదు.

విక్టర్ కాసేపు చూశాడు. మైకు ఆపలేదు గనుక వాడి గుసగుస పందిరంతా వినిపించింది: "ఏందిరా శేషు, ఎవ్వరు లేస్తలేరు? నచ్చిందా, నచ్చలేదా?"

శేషు నాన్నగారి వైపు చూశాడు. జనం ఎందుకు కూర్చున్నారో ఆ వేదిక మీద తెలిసినవాడు వాడొక్కడే. మంగళం పాడే గొంతు ఆ వేదిక మీద ఎవరికీ లేదు. "ఇంకోటి అడుగుతున్రు గావచ్చు," అని విక్టర్ తేల్చి, జనం కాస్త తలలూపిన రెండో పాటను మళ్ళీ ఎత్తుకున్నాడు. అయ్యాక మళ్ళీ చప్పట్లు. మళ్ళీ అందరూ కుదురుగా కూర్చున్నారు. దాన్నే మూడోసారి వాయించారు. బెన్నీ మెడ వాలిపోయింది. టైపిస్టు కుర్రవాడు నీళ్ళ కుండ వైపు దీనంగా చూస్తున్నాడు.

సాంబయ్యగారు నాన్నగారి వైపు వంగారు. నేను ఆడవాళ్ళ వరుసలో మొదటిదాన్ని గనుక నాకు వినబడింది.

"పంతులుగారూ, మీరు జర లేస్తే జనం లేస్తరు."

"సభ ముగియకుండా నేనెలా లేస్తాను?"

"మరి ముగించుండ్రి."

నాన్నగారు కళ్ళు తెరవలేదు. ఇన్నేళ్ళుగా ఊరికి తాను నేర్పిన నియమం తననే ఆ కుర్చీకి కట్టేసింది. పాడితే అది సభ అని ఒప్పుకున్నట్టు. పాడకపోతే తాను కూడా లేవడానికి లేదు.

అప్పుడు షిఫ్టు సైరన్ కూసింది. ఖాకీ చొక్కాల వరుసల్లో కలకలం పుట్టింది. డబ్బాలు చేతుల్లోకి వచ్చాయి, కాని మోకాళ్ళు లేవలేదు. కొమరయ్య అనే, గనిలో తట్టలతో బొగ్గెత్తే కూలీ చివరకు ఉండబట్టలేక కూర్చున్నచోటు నుంచే గొంతెత్తాడు.

"పంతులుగారూ! జల్దీ మంగళం పాడుండ్రి. మీరు పాడరు, మమ్ముల లేవనియ్యరు, రేపు పొద్దుగాల టైమాఫీసుల మళ్ళ మీరే నాగా రాస్తరు!"

పందిరి గొల్లుమంది. వెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్నగారి పెదవి కూడా ఒక మూల కదిలిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన లేచారు. వేదిక ఎక్కలేదు. ఉన్నచోటనే నిలబడి, విక్టర్ వైపు వేలు చూపి, "శ్రుతి ఇవ్వు," అన్నారు. వాడు భయపడుతూ ఒక తీగ మీటాడు. "కిందికి. ఇంకా కిందికి. ఆఁ, అక్కడ ఉంచు." ఆ తీగ ఆగకుండా మ్రోగుతుంటే మంగళం ఎత్తుకున్నారు. మైకు లేదు. కార్యదర్శిగా ఇన్నేళ్ళూ ఇతరుల పాటలకు దీపం వెలిగించడమే గాని ఆ పందిట్లో ఆయన గొంతు అంతకు ముందు ఎవరూ వినలేదు. అది ఉదయపు గొంతు కాదు. ఎండకూ సంకోచానికీ జీరపోయింది. మొదటి పాదం ఒంటరిగానే నడిచింది. రెండో పాదంలో శేషు కర్రలు పక్కన పెట్టి, పొడవాటి డ్రమ్మును ఒడికి లాక్కొని, అరచేత్తో మెత్తగా అందుకున్నాడు. నాన్నగారు వెనక్కు తిరిగి చూడలేదు. చూడనక్కరలేదు. ఆయన ఆగిన చోట వాడి చేయి ఆగింది.

మంగళం ముగిసేసరికి పందిరి మొత్తం ఒక్కసారిగా లేచింది. కొమరయ్య బృందం డబ్బాలు గలగలలాడించుకుంటూ గని వైపు పరుగు తీసింది.

ఇంటికి వెళ్ళే దారి పొడుగునా నాన్నగారు ముందు నడిచారు. నాలుగడుగుల వెనుక శేషు. వాళ్ళ వెనుక అమ్మా, నేనూ. బొగ్గుపొడి కాళ్ళకింద మెత్తగా నలుగుతోంది. మంగళం పాడారు గనుక మాట ప్రకారం తమ్ముడి చేతికి దోషం లేదు. కాని ఆయన పాడింది కొమరయ్య కోసమా, కొడుకు కోసమా అన్నది ఆయన చెబితే తప్ప తెలియదు. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకొని నడిచింది. బావి మలుపు దగ్గర నాన్నగారు నడక ఆపకుండానే అన్నారు:

"ఆ మళ్ళీ మళ్ళీ వాయించారే, ఆ పాటలో నీ లయ జారింది."

శేషు రెండడుగులు గబగబా వేసి దగ్గరకు వెళ్ళాడు. "ఎక్కడ నాన్నగారూ?"

"చరణం ఎత్తుగడలో. మూడుసార్లూ అక్కడే జారావు. ఒక్కసారైనా దిద్దుకుంటావేమో అని చూశాను. పొద్దున్నే కూర్చో."

అమ్మ నా చేయి వదిలింది.

ఆ తరువాత చెప్పుకోదగ్గదేమీ లేదు. గార్డుగారికి కాజీపేట బదిలీ అయింది, బృందం చెదిరింది. శేషుకు గనిలో ఉద్యోగం వచ్చింది. నాన్నగారు పాడగలిగినన్నాళ్ళూ తెల్లవారుజామున వాడు పక్కన కూర్చున్నాడు. యంత్రాల హోరు వాడి చెవులను కొద్దికొద్దిగా తీసుకుపోతున్నా, నాన్నగారి పెదవులు చూసి వాయించేవాడు. ఆయన పోయాక మృదంగాన్ని కారేపల్లిలో ఒక కుర్రవాడికి ఇచ్చేశాడు. సభ ఇంకా కొన్ని వేసవులు జరిగింది. టీవీలు వచ్చాయి, భూమి లోపలి గనులు మూతపడ్డాయి, మనుషులు చెదిరిపోయారు. ఎప్పుడు ఆగిపోయిందో సరిగ్గా గుర్తులేనంత మెల్లగా అది ఆగిపోయింది. ఆనాటి జనానికి సంగీతం ఎక్కువ తెలుసునని నేననను. వారికి కూర్చోవడం తెలుసు. తమకు అర్థం కాని ధ్వనికి కూడా చివరిదాకా కూర్చొని, మర్యాదగా సెలవు తీసుకొని లేవాలని తెలుసు. ఈనాటి సభల్లో నాకు అన్నీ అర్థమవుతున్నాయి. అయినా ఎప్పుడెప్పుడు ఇల్లు చేరతానా అని ఉంటుంది.

బస్సులో ఇవన్నీ తలచుకుంటూ, శేషు చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను: "ఆ మూడుసార్లు వాయించారే, ఆ పాట ఏమిట్రా?"

బస్సు ఒక ఊరు దాటింది.

"పాట గుర్తు లేదక్కా. జారిన చోటు గుర్తుంది."

ముందు సీటు ఇనుపకడ్డీ మీద రెండు చేతుల వేళ్ళతో మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. కొంతదూరం పోయి ఆగాడు. వెనక్కు వచ్చి అదే ముక్కను మళ్ళీ వాయించాడు, మళ్ళీ ఆగి, "ఇదిగో, ఇక్కడ," అన్నాడు. మొదటిదానికీ రెండోదానికీ నాకు తేడా ఏమీ తెలియలేదు. వాడు మూడోసారి మొదలుపెట్టాడు.